స్పాంజి వేలాడదీస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ రెండో ఏడాది. ప్రాజెక్టు కోసమని మా డాబా మీద రెండు స్టీలు గిన్నెల మధ్య స్పాంజి పెట్టి, మూడు నెలలు ముట్టుకోవద్దంటోంది. దీనితో ఉద్యోగం వస్తుందా, ప్రాజెక్టు మార్చుకోమనాలా?

జవాబు: మార్చొద్దండీ. అది గిన్నెలు తోమే స్పాంజి కాదు, పాలీయూరిథేన్ ఫోమ్ బిళ్ల. డీడీటీ అనే పురుగుమందు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీల్లాంటి రసాయనాలు ఏళ్ల తరబడి చెడకుండా ఉండిపోయి, గాలిలోనూ తిరుగుతూ ఉంటాయి కదా, వాటిని పట్టడానికి అది. రోజుకు దాదాపు 4 ఘనపు మీటర్ల గాలిలోని సరుకును పీల్చుకుంటుంది. పంపు పెట్టి గాలిని లాగే హై వాల్యూమ్ శాంప్లర్ అయితే ఒక్క రోజులోనే 300 దాటిస్తుంది, అంటే మీ డాబా మీది బిళ్లకు మూడు నెలల పని! కానీ దానికి కరెంటు కావాలి, ఖరీదెక్కువ, పది ఊళ్లలో పెట్టలేం. బిళ్లతో చిక్కేమిటంటే ఎంత గాలి తగిలిందో సూటిగా తెలియదు, పైగా ధూళికి అంటుకుని ఉండే డయాక్సిన్ల (చెత్త కాల్చినప్పుడు పుట్టే విషాలు) విషయంలో దాని లెక్క అంత నమ్మకంగా ఉండదు. అందుకే కొందరు ముందే ఫోమ్‌లో తెలిసిన మోతాదులో రసాయనాలు ఎక్కించి, చివర్లో ఎంత ఎగిరిపోయిందో చూసి గాలి లెక్క కడతారు. కుదిరితే ఒక వారమైనా బిళ్లనూ పంపు శాంప్లర్‌నూ పక్కపక్కన నడిపి పోల్చమనండి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకంటే మంచి కథ ఉండదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. అచ్చంగా ఈ కాలుష్యాల మీదే పని అంటే నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) లాంటి పరిశోధన సంస్థలే, పోస్టులు తక్కువ, నెట్ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీ వైపు వెళ్లాలి. కానీ ఆ బిళ్లలోంచి రసాయనాన్ని బయటికి తీసి జీసీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తుపట్టే మెషీన్) మీద నడపడం వచ్చిందంటే ఎగుమతి మిర్చిలో పురుగుమందు అవశేషాలు చూసే ల్యాబులైనా, మందుల కంపెనీల నాణ్యత పరీక్ష విభాగాలు (ఫార్మా క్యూసీ) అయినా ఆ చెయ్యినే వెతుక్కుంటాయి. అందుకని అమ్మాయిని ఒక్కటి అడగండి: "మెషీన్ నువ్వే నడుపుతావా, శాంపిల్ ఇచ్చి రిపోర్టు తెచ్చుకుంటావా?" రెండోదైతే వెళ్లి గైడ్‌ను బతిమాలుకోమనండి. బ్లాంకులు కూడా పెట్టమనండి, అంటే డాబా దాకా తీసుకెళ్లి, తెరిచి, మూసి తిరిగి తెచ్చేసిన బిళ్ల. అందులోనూ డీడీటీ కనబడితే తప్పు గాలిది కాదు, చేతిది.

మూడు నెలలూ డాబా మీద దోమల చక్రం వెలిగించకండి, మొక్కలకు మందు కొట్టకండి.