తీర్థన్ నదిలో గాలం వేయబోతున్నాను, ఈత రాదు!

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. చిన్నప్పుడు కాలవ గట్టున గాలం వేసిన అలవాటుంది. ఏప్రిల్‌లో హిమాచల్‌లోని తీర్థన్ లోయకి వెళ్తున్నాం. అక్కడ ఒకరోజు ట్రౌట్ చేపలు పట్టడానికి గైడ్‌ని మాట్లాడుకున్నాను. ఈత రాదు, అదే టెన్షన్. చేప కచ్చితంగా పడుతుందా? అక్కడ ఏమేం ఉంటాయి?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: నేనూ ఎర్రలు గుచ్చి, బెండు మునిగేదాకా గట్టున కూర్చున్నవాణ్ణేనండీ. అదే అలవాటుతో తీర్థన్ వెళ్లి, మొదటి రోజు ఒక్క చేపనీ పట్టలేకపోయాను. పడుతుందని ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి.

అక్కడ కూర్చోవడం ఉండదు. రాళ్ల మీద నడుస్తూ, నాలుగుసార్లు విసిరి, మళ్లీ ముందుకి కదలాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, పెద్ద రాయి పక్కన నీళ్లు నెమ్మదించే చోట, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. అందుకే గైడ్ మిమ్మల్ని దిగువ నుంచి, చేప వెనకగా తీసుకెళ్తాడు. మీ నీడ నీళ్లమీద పడిందా, చేప మాయం. నన్నయితే ఒక రాయి దగ్గర ఆపి, చాలాసేపు గాలమే వేయనివ్వలేదు. చూడమన్నాడంతే. చూడగా చూడగా, నేను గులకరాయి అనుకున్నది తోక ఆడించింది! గోధుమరంగు ఒళ్లు, ఎర్ర చుక్కలు, చుక్క చుట్టూ లేత వలయం. ఈ బ్రౌన్ ట్రౌట్‌ని 1909లో, తెల్లవాళ్ల కాలంలో, తెచ్చి హిమాచల్ నీళ్లలో వదిలారు.

ఏప్రిల్ మంచి నెలే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట నిషేధం. ఎండలు ముదిరాక మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి, మడ్డిగా కూడా ఉంటాయి. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. అది గైడ్ తీసుకుంటాడా, మీరే తీసుకోవాలా అన్నది ఇప్పుడే అడగండి. గాలపు కర్ర, రీలు, ఎర కూడా ఎవరివో తేల్చుకోండి. ఎర అంటే వానపాము కాదు, నీళ్లలో తళుక్కున తిరిగే చిన్న రేకో, ఈకలతో కట్టిన పురుగు బొమ్మో.

ఈత రాదని గైడ్‌కి ముందే చెప్పండి. మోకాలి లోతు దాటి దిగకండి. ఆ లోతులో కూడా ప్రవాహం లాగేస్తుంది, రాళ్లకి పాకుడు. నేను ఒకసారి జారి నడుందాకా తడిశాను. ఆ చలికి కాళ్లు మొద్దుబారిపోయాయి. పొడిబట్టలు, రెండు జతల మేజోళ్లు సంచిలో ఉండాల్సిందే.

చేప పడితే మాత్రం, వదిలేస్తే నాకు సంతోషం. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడిపోతుంది, చేతులు తడుపుకోండి. గాలం తీశాక, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి నీళ్లలోనే మెల్లగా పట్టుకోండి. కాసేపటికి దానంతటదే విదిలించుకుని వెళ్తుంది.