ఖాళీ వకాల్తా ఫారం మీద సంతకం పెట్టవచ్చా? మంచాన ఉన్న నాన్నగారి తరఫున నేనే పెట్టేయవచ్చా?

భూమి దావాలో మీకు, మీ నాన్నగారికి, మీ చెల్లెలికి సమన్లు వచ్చాయనీ, లాయరు గారి గుమాస్తా ఖాళీ వకాల్తా ఫారం (మన తరఫున కేసు నడపడానికి న్యాయవాదిని నియమించే పత్రం) చేతికిచ్చి ముగ్గురి సంతకాలు తెమ్మన్నారనీ, నాన్నగారు మంచాన ఉన్నారు కనుక ఆయన సంతకం కూడా మీరే చేసేయవచ్చా అనీ అడిగారు. మా కుటుంబ భాగపంపిణీ దావాలో మా అమ్మ తరఫు కోర్టు పనులన్నీ నేను దగ్గరుండి చూసుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నాన్నగారి సంతకం మీరు చేయకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం కక్షిదారు గానీ, ఆయన తరఫున చట్టం గుర్తించిన ఏజెంటు గానీ, పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికారపత్రం) ద్వారా అధికారం పొందిన వ్యక్తి గానీ సంతకం చేసి రాతపూర్వకంగా నియమించినప్పుడే న్యాయవాది ఆ కేసులో పని చేయగలరు. కన్నబిడ్డలమైనంత మాత్రాన మనకు ఆ అధికారం రాదు. ఆయనకు తెలివి, మాట బాగానే ఉంటే ఫారం ఇంటికి తీసుకెళ్లి సంతకమో వేలిముద్రో తీసుకోవచ్చు. మతిస్థిమితం లేని పరిస్థితి అయితే దారి వేరు. అప్పుడు ఆర్డర్ 32 కింద కోర్టే ఆయన తరఫున సంరక్షకుణ్ని నియమించాలి కాబట్టి ఆ సంగతి లాయరు గారికి ముందే చెప్పండి.

మా అమ్మకు చదువు రాదు. మేము వాడిన ఫారం చివర, అందులోని విషయాలను తెలుగులో చదివి వినిపించినట్టూ, ఆమె వాటిని పూర్తిగా అర్థం చేసుకున్నట్టు కనిపించినట్టూ, ధ్రువీకరించేవారి సమక్షంలోనే వేలిముద్ర వేసినట్టూ చెప్పే పేరా అచ్చువేసి ఉంది. దాని కింద సంతకం చేయడానికి వచ్చిన మరో న్యాయవాది ఆ పేరాను మొక్కుబడిగా తీసుకోలేదు. అమ్మ పక్కన కూర్చుని ఫారమంతా చదివి వినిపించి, "కేసు దేని గురించమ్మా? మీ తరఫున ఎవరిని పెట్టుకుంటున్నారు?" అని అడిగి, అమ్మ తన మాటల్లో చెప్పాకే ఎడమ బొటనవేలి ముద్ర వేయించి, అది ఎవరి ముద్రో పక్కనే పేరుతో సహా రాశారు. తర్వాత ఎదుటి పక్షం వారు అసలు ఆమెకు ఈ కేసు సంగతే తెలియదని వాదించినప్పుడు, ఆ ధ్రువీకరణ మాకు గట్టి ఆధారంగా నిలిచింది.

ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టకండి. గుమాస్తా దురుద్దేశంతో అడిగారని నేను అనుకోవడం లేదు. పని ఒత్తిడిలో చాలాచోట్ల జరిగేదే. అయినా కోర్టు పేరు, దావా నంబరు, వాది ప్రతివాదుల పేర్లు, మీరు ఎన్నో ప్రతివాదులో, తేదీ ఇవన్నీ నింపించాకే సంతకం చేయండి. ముగ్గురూ ఒకే వకాల్తా మీద సంతకాలు చేయవచ్చు కానీ, ప్రతి సంతకం పక్కన వరుస సంఖ్య, పేరు స్పష్టంగా ఉండాలి. చెల్లెలు వేరే ఊళ్లో ఉంటే ఆమెతో విడిగా ఇంకో వకాల్తా ఇప్పించవచ్చు. ఉదయ్ శంకర్ త్రియార్ కేసులో 2005లో సుప్రీంకోర్టు వకాల్తాల్లో తరచుగా కనిపించే లోపాలను వరుసగా పేర్కొంది: సంతకం ఎవరిదో తెలియకపోవడం, పవర్ ఆఫ్ అటార్నీ జతచేయకపోవడం, న్యాయవాది తన అంగీకార సంతకం పెట్టకపోవడం వంటివి. ఇలాంటి లోపాలను సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలని కూడా అదే తీర్పులో చెప్పింది కనుక, ఇప్పటికే ఏదైనా పొరపాటు జరిగి ఉంటే కంగారు పడనక్కర్లేదు.

సన్న అక్షరాల్లో ఉన్న అధికారాల భాగాన్ని మాత్రం నిదానంగా చదవండి. నా దృష్టిలో వకాల్తాలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రాజీ చేసుకోవడానికి, దావా ఉపసంహరించుకోవడానికి, కోర్టులో జమైన డబ్బు తీసుకోవడానికి, దాఖలు చేసిన అసలు దస్తావేజులు వాపసు పొందడానికి న్యాయవాదికి అధికారమిచ్చే మాటలు చాలా ఫారాల్లో ముందే అచ్చయి ఉంటాయి. కక్షిదారు స్పష్టంగా అధికారమివ్వనిదే అతని హక్కులను వదులుకునే రాజీకి న్యాయవాది ఒప్పుకోకూడదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ గ్రూప్ హౌసింగ్ సొసైటీ కేసులో చెప్పింది. కానీ ఆ అధికారాన్ని ఫారంలో మనమే రాసిచ్చేస్తే, తర్వాత మనం అనగలిగేది తగ్గిపోతుంది. మేము రాజీ గురించిన వాక్యాన్ని కొట్టివేయించి, పక్కన పొట్టి సంతకాలు పెట్టాము. మా లాయరు గారు దానికి ఏమీ అనుకోలేదు. రాజీ మాట వస్తే మీరే వచ్చి సంతకం చేయండి, అదే నాకూ మంచిది అన్నారు.

వకాల్తా ఇస్తే భూమి అమ్మే హక్కు కూడా పోతుందేమోనని మీ చెల్లెలు భయపడుతున్నట్టు రాశారు. అలాంటిదేమీ ఉండదు, అది జీపీఏ (ఆస్తి వ్యవహారాలన్నీ చూసుకోమని ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాదు, ఆ కేసు నడపడానికి ఇచ్చే అధికారం మాత్రమే. లాయరును మార్చుకోవాలనుకుంటే రాతపూర్వకంగా కోర్టు అనుమతి తీసుకుని రద్దు చేసుకోవచ్చు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు కాగితాలను న్యాయవాది అట్టిపెట్టుకోకూడదని ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే తీర్పు వచ్చింది.

స్టాంపులు అతికించే పని గుమాస్తా చూసుకుంటారు. దాఖలు చేసే ముందు ఒక జిరాక్సు తీసి మీ దగ్గర ఉంచుకోండి. ఇంకొక్క మాట: వకాల్తా వేసినంత మాత్రాన జవాబు ఇచ్చినట్టు కాదు. సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంటు (దావాకు మన రాతపూర్వక జవాబు) వేయాలి, కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు అనుమతించవచ్చు. కాబట్టి సమన్లు ముగ్గురికీ ఏ తేదీన అందాయో విడివిడిగా రాసి, వకాల్తాతో పాటే లాయరు గారికి ఇవ్వండి.