నాన్న బొమ్మలు అమ్మకానికి పెట్టారు, ఆపగలమా?

ప్రశ్న: మా నాన్న చిత్రకారుడు. జీవితమంతా గీశారు కానీ ఏనాడూ ప్రదర్శన పెట్టలేదు. ఆయన పోయాక, నేను పెట్టిస్తానని ఆయన స్నేహితుడు 32 పెయింటింగులు తీసుకెళ్లారు. ఇప్పుడవి నాన్న తనకు బహుమతిగా ఇచ్చినవంటూ వచ్చే నెల ఎగ్జిబిషన్ పెట్టి అమ్ముతున్నారు, ప్రింట్లతో సహా. పాత తేదీతో రసీదు రాసుకుంటే పనికొస్తుందా?

జవాబు: రెండు పేజీల ఉత్తరంలో అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది. పెద్దకర్మ అయిన వారానికి వ్యాన్ వచ్చిందన్నారు. చనిపోయిన మనిషి బహుమతి ఇవ్వలేడు కాబట్టి, బొమ్మలు మీ గడప దాటిన తేదీ రుజువైతే ఆయన చెప్పే బహుమతి కథ అక్కడితో ఆగిపోతుంది.

రసీదు లేకుండా, ఒక్కో బొమ్మకూ ఫొటో తీసుకోకుండా 32 ఎలా ఇచ్చేశారండీ! సరే, పెద్దకర్మ రోజు ఫొటోలు వెతకండి, వెనక గోడ మీద ఆ బొమ్మలు కనిపిస్తే అంతకన్నా సాక్ష్యం లేదు. ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు ఉన్న ఫోన్ మార్చొద్దు, ఏదీ డిలీట్ చేయొద్దు. ప్రింటవుట్ ఇస్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, అది ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

దాచమని ఇచ్చిన వస్తువు తిరిగి రాబట్టుకోవడానికి గడువు, మనం అడిగాక వాళ్లు ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు. ఆయన "ఇవ్వను" అని మెసేజ్ పెట్టి రెండేళ్ల నాలుగు నెలలైందని మీరే రాశారు. మీకున్నది ఎనిమిది నెలలు. ఇప్పుడు మళ్లీ నోటీసు ఇచ్చినంత మాత్రాన లెక్క మొదటికి రాదు.

పాత తేదీ రసీదు మాట మళ్లీ ఎత్తకండి. అది ఫోర్జరీ. గెలవాల్సిన కేసులో మీరే ముద్దాయి అవుతారు, నిజమైన ఫొటోలను కూడా జడ్జిగారు నమ్మరు.

ఈ వారమే వకీలును కలిసి, అమ్మ, చెల్లెలు, మీరు ముగ్గురూ వారసులుగా దావా వేయండి. దాంతోపాటే అమ్మకం ఆపమని తాత్కాలిక ఇంజంక్షన్, బొమ్మల జాబితా రాయడానికి అడ్వకేట్ కమిషనర్ (కోర్టు తన తరఫున పంపే వకీలు) కావాలని అడగండి. ప్రింట్ల సంగతి వేరే. బొమ్మ ఎవరి దగ్గరున్నా కాపీరైట్ నాన్నగారిదే, ఆయన తర్వాత 60 ఏళ్లు వారసులది, సంతకంతో రాసివ్వనిదే ఎవరికీ బదిలీ కాదు. ఆ ప్రింట్ ఒకటి బిల్లుతో కొని దాచండి.