ఆడవాళ్లే తెరవాల్సిన కవర్లు

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఏ. ఆర్కియాలజీ చదువుతున్నాను. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో స్త్రీలకు మాత్రమే చెందిన పవిత్ర స్థలాలు ఉంటాయని క్లాసులో చెప్పారు. తవ్వి చూస్తే ఒక చోటు ఆడవాళ్లదని తెలుస్తుందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తవ్వకాలొక్కటే సరిపోవమ్మా. హైండ్‌మార్ష్ దీవి గొడవ చూస్తే నీకే అర్థమవుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రే నది సముద్రంలో కలిసే చోట ఉందది. అక్కడి నరింజెరి ప్రజలు దాన్ని కుమరాంక్ అంటారు. పురావస్తు సర్వేలో దొరికేవి గుల్లల దిబ్బలు, పాత సమాధులు. ఇక్కడ జనం తిన్నారు, బతికారు, చనిపోయారు అని అవి చెబుతాయి. ఆ చోటు గురించి తల్లి కూతురికి ఏం చెప్పిందో గుల్ల ఎలా చెబుతుంది?

ఆ దీవికి వంతెన కట్టబోతే కొందరు నరింజెరి స్త్రీలు అడ్డుపడ్డారు. కారణం ఆడవాళ్ల మధ్యే ఉండాల్సిన విషయం. దాన్ని రాసిన కవర్ల మీద ‘స్త్రీలు మాత్రమే చదవాలి’ అని ఉంది. 1994లో కేంద్ర మంత్రి రాబర్ట్ టిక్నర్ వాటిని తాను చదవకుండా, తన ఆఫీసులోని మహిళతో చదివించి, వంతెనను 25 ఏళ్లు నిషేధించారు. మరుసటి ఏడాదే కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అదే తెగలో మరికొందరు స్త్రీలు ‘అలాంటిది మేం ఎప్పుడూ వినలేదు’ అన్నారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) 1995 చివర్లో అదంతా కల్పితమని తేల్చింది. రహస్యం తెలుసన్న వాళ్లలో ఎక్కువమంది అసలు ఆ కమిషన్ ముందు నోరు విప్పలేదు. నాకైతే ఇది మరీ అన్యాయంగా తోస్తుంది: చెబితే ఆచారం పోతుంది, చెప్పకపోతే అబద్ధమంటారు! పైగా తెగలో కొందరికే తెలిసిన సంగతి మిగతావాళ్లు వినకపోవడంలో వింతేముంది?

2001లో వంతెన తెరుచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, వంతెన వెనకున్న వ్యాపారులు నష్టపరిహారం కోసం వేసిన కేసును కొట్టేస్తూ, ఆ స్త్రీల రహస్యం కల్పితమని తనకు నమ్మకం కుదరలేదని ఫెడరల్ కోర్టు జడ్జి వాన్ డౌసా అన్నారు. అప్పటికి కార్లు తిరుగుతున్నాయి.

ఆస్ట్రేలియాలోనే నార్తర్న్ టెరిటరీ అనే ఉత్తర ప్రాంతంలో పద్ధతి కొంత నయం. అక్కడ పవిత్ర స్థలాలను చూసే సంస్థ బోర్డులో 12 మంది ఉంటారు. వారిలో పదిమంది ఆదివాసీ సంరక్షకులే: ఐదుగురు స్త్రీలు, ఐదుగురు పురుషులు.

ప్రాజెక్టుకు ఈ విషయం తీసుకుంటే కమిషన్ రిపోర్టుతో ఆపకు, 2001 తీర్పు కూడా చదువు. ఆ కవర్లలో ఏముందో మాత్రం వెతక్కు, అది మనకు అక్కర్లేదు.