బాబును అసెస్‌మెంట్‌కు తీసుకెళ్లే ముందు

చిరంజీవి స్వప్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు తెలివి, ఎదుగుదల ఎలా ఉన్నాయో చూసే అసెస్‌మెంట్ చేయించమని టీచరు అన్నప్పటి నుంచి నీకు నిద్ర లేదని మీ అమ్మ చెప్పింది. స్పెషల్ టీచరుగా ఏళ్ల తరబడి ఇలాంటి తల్లుల పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి రాస్తున్నా.

ముందు చెవులు, కళ్లు చూపించు. సరిగా వినపడని పిల్లాడు మొండివాడిలా కనిపిస్తాడు. ఆ రెండూ తేలకుండా తెలివి పరీక్షకు కూర్చోబెడితే వచ్చిన అంకెను నమ్మలేం. తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి వెళ్లు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, పాతవాళ్లకు ఎన్ఐఎంహెచ్‌గా తెలుసు. ప్రైవేటు సెంటరుకు వెళ్లేటట్టయితే సైకాలజిస్టు ఆర్‌సీఐ (ఇలాంటి నిపుణులను నమోదు చేసే కేంద్ర మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, మొహమాటపడకు.

ఒక్క పరీక్షతో ఏదీ తేల్చరు. బినే-కామత్ లాంటి తెలివి పరీక్షలో బాబుతో బొమ్మలు, ప్రశ్నలు చేయిస్తారు. రోజువారీ పనులు ఎంతవరకు చేసుకుంటాడో చూసే వైన్‌ల్యాండ్ ప్రశ్నలు మాత్రం నిన్నే అడుగుతారు: అన్నం తనే తింటాడా, గుండీలు పెట్టుకుంటాడా, బయట ఎవరితో ఆడుకుంటాడు? ఇక్కడే తల్లులు ప్రేమకొద్దీ "అన్నీ చేసుకుంటాడండీ" అనేస్తారు. నువ్వు కలిపి పెడితేనే తింటున్నాడంటే ఆ మాటే చెప్పు. ముందురోజు రాత్రి రంగులు, అంకెలు బట్టీ పట్టించకు. బిడ్డకు ఎక్కడ ఆసరా కావాలో వాళ్లకు కనపడాలి కదమ్మా, మనం దాచిపెడితే ఆ ఆసరా రాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు కాబట్టి వాడికి ఏ భాష బాగా అర్థమవుతుందో మొదటే చెప్పు. నోటుపుస్తకాలు, పుట్టినప్పటి దవాఖానా కాగితాలు వెంట ఉంచుకో.

ఒకవేళ ఇబ్బందంతా చదవడం, రాయడం దగ్గరే ఉండి మిగతా వాటిలో చురుగ్గా ఉంటే డిస్లెక్సియా కావచ్చు. దానికి వైకల్య సర్టిఫికెట్ సాధారణంగా ఎనిమిదేళ్లు వచ్చాకే ఇస్తారు. అప్పటిదాకా చదువులో సాయం ఆపాల్సిన పని లేదు.

రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు. రిపోర్టులో వాడికి ఏం వచ్చు, ఏం రాదు అనేది ఉంటుంది, బడికి కావాల్సింది అదే. సర్టిఫికెట్ ప్రభుత్వ డాక్టర్లు ఇస్తారు. వికలాంగుల సర్టిఫికెట్, గుర్తింపు కార్డు కోసం ఉన్న యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టు, మీసేవలో కూడా ఒకసారి అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, మనం కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. శాతం తక్కువ వచ్చిందని మాత్రం కుంగిపోకు. ప్రభుత్వ నిధులు, గుర్తింపు ఉన్న బడులు వైకల్యమున్న పిల్లలను కలుపుకొని చదువు చెప్పాలని, అవసరమైన సదుపాయాలు కల్పించాలని చెప్పే అదే చట్టం 16వ సెక్షన్‌లో ఆ 40 శాతం షరతు లేదు. హెడ్మాస్టరు "సర్టిఫికెట్ లేదు కదా" అంటే నాకు బాగా కోపం వచ్చే మాట అది. ఊరుకోకు.

అడిగేవన్నీ కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకో: ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, వాడికంటూ ఒక పాఠ్య ప్రణాళిక. ప్రణాళికలో "మెరుగుపరచాలి" అని రాస్తే ఒప్పుకోకు. మూడు నెలల్లో ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అని రాయించు. సర్కారు బడిలో వేస్తే సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల గురించి మండల విద్యాధికారి ఆఫీసులో అడుగు, ప్రత్యేక టీచర్లు అక్కడ ఉంటారు.

ఇవన్నీ బడివాళ్లతో మాట్లాడే మీటింగుకు మీ ఆయన్ని తప్పకుండా తీసుకెళ్లు. రిపోర్టు రాగానే ఫోటోలు తీసి పంపు, కూర్చుని ఒక్కో పేజీ చదివి చెబుతా.

మీ పెద్దమ్మ