జైలుకెళ్లొచ్చిన కుర్రాణ్ని పనిలో పెట్టుకోవచ్చా?

మీ ఎలక్ట్రికల్ షాపుకి పని అడుగుతూ వచ్చిన కుర్రాడు, దొంగతనం కేసులో ఏడాది జైల్లో ఉన్నానని తనే చెప్పాడన్నారు. మళ్లీ చేస్తాడేమోనని మీ ఇంట్లోవాళ్ల భయం. పెట్టుకోండి అనే నా మాట. ఎందుకంటే ఒకప్పుడు ఆ కుర్రాడిలాగే నేనూ ఒక వెల్డింగ్ షాపు ముందు నిలబడ్డాను. ఊళ్లో గొడవ, కత్తి, ఆయుధంతో తీవ్రంగా గాయపరిచినందుకు పెట్టే 326 సెక్షన్ కేసు, మూడేళ్ల శిక్ష. రెమిషన్ (శిక్షలో తగ్గించే రోజులు) పోను రెండేళ్ల పైచిలుకు ఉండి 2009లో బయటికొచ్చాను. తప్పు చేశాను, కాదనను.

ముందు ఒకటి కనుక్కోండి. శిక్ష పడిందా, రిమాండ్‌లో ఉండి బెయిల్ మీద వచ్చాడా? 2022 చివరికి మన దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే వాళ్ల సంగతి కోర్టు ఇంకా తేల్చలేదు. ఊరికి మాత్రం అందరూ ఒకటే, 'జైలుకెళ్లొచ్చినోడు'. కేసు ఇంకా నడుస్తుంటే వాయిదాలకు సెలవు కావాలి, అది ముందే మాట్లాడుకోండి.

ఇక మళ్లీ చేస్తాడా అన్నది. అమెరికాలో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి 2005లో విడుదలైనవాళ్లను తొమ్మిదేళ్లపాటు గమనించారు. 83 శాతం మంది కనీసం ఒక్కసారైనా మళ్లీ అరెస్టయ్యారు. వినగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ విడుదలైన మొత్తం మందిలో 44 శాతం మొదటి ఏడాదిలోనే అరెస్టయ్యారు. గండం ఎక్కువగా మొదట్లోనే ఉంది. అది దాటినవాళ్ల సంగతి ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా అనే పరిశోధకులు తేల్చారు. 1980లో న్యూయార్క్‌లో మొదటిసారి అరెస్టయినవాళ్ల రికార్డులు తిరగేశారు. పద్దెనిమిదేళ్లకు ఇంట్లో చొరబడి దొంగతనం చేసిన కేసులో పట్టుబడ్డవాడు సుమారు నాలుగేళ్లు మరే కేసూ లేకుండా గడిపితే, మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసు మామూలు మనిషికి ఎంతో అతనికీ అంతే. మన దగ్గర పరిస్థితులు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఆ మొదటి ఏడాది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

సాయంత్రం ఆరయ్యేసరికి చేతిలో పని వదిలేసి నిలబడిపోయేవాణ్ని. లోపల అది లెక్కపెట్టి బ్యారక్‌లో వేసి తాళం పెట్టే వేళ. కాళ్లు వరసకోసం వెతుక్కునేవి. మా మేస్త్రి ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. మూడోరోజు నుంచి సరిగ్గా ఆ టైముకి టీ తెప్పించడం మొదలుపెట్టాడు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

చేరిన రెండో నెలలో కొత్త గ్రైండర్ కనబడలేదు. షాపులో అందరి కళ్లూ నా మీదే. మేస్త్రి మాత్రం వరసగా ఒక్కొక్కరినీ "నువ్వు చివర ఎక్కడ వాడావు?" అని అడుగుతూ వచ్చాడు. నన్ను నాలుగోవాడిగా అడిగాడు, అదే గొంతుతో. గ్రైండర్ మర్నాడు గేటు బిగించిన సైటులో దొరికింది. ఆ రోజు నన్ను ఒక్కణ్నే పక్కకు పిలిచి అడిగి ఉంటే, రాత్రికే ఊరు వదిలేసేవాణ్ని. నాకు తెలిసిన చోటు అప్పటికి పాత స్నేహితుల దగ్గర తప్ప ఇంకోటి లేదు.

అలాగని గల్లాపెట్టె మొదటిరోజే అప్పజెప్పమనను. కొత్తవాళ్లెవరికీ మీరు ఇవ్వరు కదా, ఇతనికీ అంతే. ఏదైనా పోతే మాత్రం అందర్నీ అడిగినట్టే అడగండి. కేసు సంగతి మిగతా పనివాళ్లకి మీరు చెప్పొద్దు. చెప్పుకోవాలనిపిస్తే అతనే చెప్పుకుంటాడు.

ఇంకొకటి, జీతం నెలాఖరుదాకా ఆపకుండా కనీసం మొదటి మూడు నెలలు వారం వారం ఇవ్వండి. బయటికొచ్చినవాడి చేతిలో ఏమీ ఉండదు, ఇంటి మీద మాత్రం అప్పుంటుంది. మా అమ్మ ములాఖత్‌కి వచ్చిన ప్రతిసారీ బస్సు ఛార్జీలకు పక్కింటివాళ్ల దగ్గర చేబదులు తీసుకునేదట. నా మొదటి శనివారం డబ్బులు నేరుగా ఆ ఇంటికే వెళ్లాయి.