ఫుట్‌బాల్ ఊళ్ళో ఐస్ హాకీ: మేనల్లుడికి ఉత్తరం

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ పది నిమిషాల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. మీ ఊరి జూనియర్ ఐస్ హాకీ క్లబ్ వాళ్ళు కమిటీలోకి రమ్మన్నారని, ఫుట్‌బాల్ తప్ప ఇంకేదీ పట్టని ఈ ఇంగ్లండ్‌లో ఈ ఆట అసలు పెరుగుతుందా అని అడిగావు. పెరుగుతుంది. కానీ నువ్వు అనుకుంటున్న దారిలో కాదు. షెఫీల్డ్ దగ్గర ఒక చిన్న క్లబ్బులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. పిల్లల లేసులు కట్టడం నుంచి లెక్కలు రాయడం దాకా అన్నీ చేశాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఫుట్‌బాల్ మీద కోపం వదిలెయ్. నీ మెసేజ్‌లో సగం ఆ గొడవే ఉంది. పిల్లలందరూ అటే పోతున్నారు, టీవీ అంతా వాళ్ళదే, స్కూళ్ళన్నీ వాళ్ళవే అని. నిజమే. పార్కులో నాలుగు జాకెట్లు కింద పడేస్తే రెండు గోల్‌పోస్టులు అయిపోతాయి, ఇరవైమంది పిల్లలు ఆడుకుంటారు. మనకి అరవై మీటర్ల పొడవున్న మంచు గచ్చు కావాలి. దాని కింద రాత్రింబవళ్ళు చల్లటి ద్రావణం తిరుగుతూ ఉండాలి. పైన కప్పు కావాలి, కరెంటు కావాలి, గంటగంటకీ మంచుని చదును చేసే యంత్రం కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి. ఫుట్‌బాల్ రేపు మాయమైపోయినా నీ క్లబ్‌లో ఒక్క పిల్లవాడు కూడా పెరగడు, ఎందుకంటే వాణ్ణి నిలబెట్టడానికి నీ దగ్గర ఐస్ లేదు. ఈ దేశంలో మన ఆటకి ఉన్న అసలు కొరత అదే.

కాబట్టి కమిటీ మీటింగ్‌కి వెళ్ళేముందు మీ ఐస్ రింక్ వారం టైమ్‌టేబుల్ ప్రింట్ తీసుకుని రంగు పెన్నులతో కూర్చో. పబ్లిక్ స్కేటింగ్ ఒక రంగు, ఫిగర్ స్కేటింగ్ ఒక రంగు, పుట్టినరోజు పార్టీలు, శుక్రవారం డిస్కో, యూనివర్సిటీ జట్టు, సరదాగా ఆడే పెద్దవాళ్ళ జట్లు, అన్నీ వెయ్యి. చివరికి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి, వాళ్ళు మెలకువగా ఉండే వేళల్లో, ఎన్ని గంటలు మిగిలాయో చూడు. నేను మొదటిసారి చేసినప్పుడు రెండున్నర గంటలు వచ్చాయి. వారం మొత్తానికి. ఆ కాగితం చూశాకే నాకు ఈ ఆట సంగతి అర్థమైంది.

తర్వాత రింక్ మేనేజర్ దగ్గరికి వెళ్ళు. ఫిర్యాదుతో వెళ్ళకు. ఆయన బల్ల మీద కరెంటు బిల్లు ఉంటుంది. 2022లో కరెంటు ధరలు పెరిగాక ఆ బిల్లు ఆయనకి నిద్ర లేకుండా చేసి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం పబ్లిక్ సెషన్‌కి రెండొందలమంది టికెట్ కొని, స్కేట్లు అద్దెకి తీసుకుని, పిల్లలకి చిప్స్ కొనిపెడతారు. మనం గంటకి ఇంత అని కట్టి వెళ్ళిపోతాం. ఆ గంట మనకిమ్మని అడిగితే ఆయన ఎలా ఇస్తాడు? ఖాళీగా పడున్న గంటలు అడుగు. పని రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు చాలా రింకులు బోసిగా ఉంటాయి. స్కేటింగ్ నేర్పే పని మేం చేస్తాం, వాలంటీర్లని మేం తెస్తాం, కొత్త పిల్లలు వస్తే స్కేట్ల అద్దె నీదే అని చెప్పు. మా దగ్గర అలా ఒక మంగళవారం గంట దొరికింది. మూడేళ్ళకి అది నాలుగు గంటలైంది.

దొరికిన గంటని ఎలా వాడతావో దాని మీదే అంతా ఉంది. ఇక్కడ నా మాట బాగా విను. చిన్నపిల్లలకి రింక్ మొత్తం ఇవ్వకు. ఏడేళ్ళ పిల్లవాడికి ఆ మంచు సముద్రంలా ఉంటుంది, పక్ (బంతి బదులు మనం కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) ఒక మూల ఉంటే వాడు ఇంకో మూల చలికి వణుకుతూ నిలబడతాడు. రింక్‌ని అడ్డంగా మూడు ముక్కలు చెయ్యి. మధ్యలో స్పాంజ్ దిమ్మెలు పడుకోబెట్టు, ఒక్కో ముక్కలో రెండు చిన్న గోల్స్ పెట్టు. పెద్దవాళ్ళ నల్ల పక్ బదులు తేలికగా ఉండే నీలం పక్ ఇవ్వు. ఒక ముక్కలో ఆట, ఒక ముక్కలో స్కేటింగ్, ఒక ముక్కలో పక్‌ని అదుపులో పెట్టడం. పది నిమిషాలకోసారి గుంపులు మార్చు. పదిహేనుమందికి చాలీచాలనట్టుండే గంటలో నలభైఐదుమంది ఆడతారు, ఒక్కొక్కడికీ పక్ అందుతుంది. ఖర్చు మాత్రం అదే గంట అద్దె. మొదటిరోజు మా క్లబ్‌లో పాతకాలపు తండ్రులు "ఇది హాకీయా?" అని గొణిగారు. పిల్లలు చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి మళ్ళీ ఎప్పుడని అడిగాక ఎవరూ మాట్లాడలేదు.

ఒక దెబ్బ తిన్న సంగతి కూడా చెబుతాను. ఒక ఏడాది పదేళ్ళ లోపు పిల్లల సెషన్‌ని ఆదివారం రాత్రి తొమ్మిదింబావుకి మార్చారు. ఐస్ దొరికిందే చాలని కమిటీలో అందరం తలలూపాం. సెప్టెంబర్‌లో ఇరవైఆరుమంది ఉన్నవాళ్ళు క్రిస్మస్ నాటికి పదకొండుమంది అయ్యారు. ఆటంటే ఇష్టం పోయి కాదు. సోమవారం పొద్దున్నే స్కూల్ ఉన్న పిల్లవాణ్ణి రాత్రి పదిన్నరకి తడి బ్యాగుతో ఇంటికి తీసుకెళ్ళే ఓపిక ఏ తల్లికి ఉంటుంది? మానేసిన ఆ పదిహేనుమందిలో ఇద్దరే తిరిగొచ్చారు. వేళ కాని వేళ ఐస్ ఇస్తామంటే పెద్దవాళ్ళ జట్టుకి ఇమ్మను, పిల్లలకి వద్దను.

మీ కమిటీలో ఎవరో ఒకరు లేచి, ముందు సీనియర్ జట్టుని గట్టిగా చేద్దాం, కెనడా నుంచి ఇద్దర్ని తెద్దాం, జనం వస్తారు, జనం వస్తే పిల్లలు వస్తారు అంటారు. వినడానికి బాగుంటుంది. వాళ్ళకి మాంచెస్టర్ కథ చెప్పు. 1997లో అక్కడి అరీనాలో మాంచెస్టర్ స్టార్మ్, షెఫీల్డ్ స్టీలర్స్ మ్యాచ్‌కి 17,245 మంది వచ్చారు. ఫుట్‌బాల్‌కి పుట్టిల్లులాంటి ఊళ్ళో ఐస్ హాకీకి అంత జనం! ఐదేళ్ళు తిరిగేసరికి, 2002లో, ఆ మాంచెస్టర్ క్లబ్ మూతపడింది. 2003లో వాళ్ళు ఆడిన సూపర్‌లీగ్, అంటే అప్పటి ఇక్కడి పెద్ద లీగ్, మొత్తం కూలిపోయింది. అరీనాల అద్దెలు, బయటి ఆటగాళ్ళ జీతాలు, కింద చూస్తే పునాది పలచన. దాని స్థానంలో అదే ఏడాది మొదలైన ఎలీట్ లీగ్ ఇప్పుడు పది జట్లతో నడుస్తోంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1936 ఉంది. ఆ ఏడాది జర్మనీలో జరిగిన ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఐస్ హాకీ బంగారు పతకం గెలిచింది, కెనడాని కూడా ఓడించి. ఇక్కడ చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ జట్టులో ఎక్కువమంది బ్రిటన్‌లో పుట్టి కెనడాలో ఆట నేర్చుకున్నవాళ్ళు. గోలీ (గోల్‌కీపర్) జిమ్మీ ఫోస్టర్ గ్లాస్గోలో పుట్టి విన్నిపెగ్‌లో పెరిగాడు. అలాంటి పతకం మళ్ళీ రాలేదు. పతకం ఇక్కడికి వచ్చింది గానీ ఆట నేర్పే రింకులు అక్కడే ఉండిపోయాయి.

దీనికి పక్కనే ఇంకోటి పెట్టి చూడు. ఇక్కడ షెఫీల్డ్‌లో ఒలింపిక్ సైజు ఐస్ రెండు పక్కపక్కనే ఉన్న ఐస్‌షెఫీల్డ్ 2003లో తెరిచారు. అప్పటికి లియామ్ కర్క్ మూడేళ్ళ పిల్లవాడు, ఈ చుట్టుపక్కల మాల్ట్‌బీ అనే ఊరివాడు. 2018లో అతన్ని ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కుర్ర ఆటగాళ్ళని ఎంచుకునే చోట, అరిజోనా కయోటీస్ తీసుకుంది. ఇంగ్లండ్‌లోనే పుట్టి, ఇంగ్లండ్‌లోనే ఆట నేర్చుకుని అక్కడిదాకా వెళ్ళిన మొదటివాడు అతనే. బ్రిటన్‌లో తయారై మొట్టమొదట డ్రాఫ్ట్‌లో పేరు వినిపించుకున్నది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకి చెందిన టోనీ హ్యాండ్, 1986లో. ఆ మొదటి బ్రిటన్ వాడికీ ఈ మొదటి ఇంగ్లండ్ వాడికీ మధ్య ముప్ఫైరెండేళ్ళు! ఈ ఆట పెరిగే వేగం ఇది. నీకు నెలల్లో ఫలితం చూపించమంటే కుదరదని కమిటీకి ముందే చెప్పు.

అయినా ఫలితం వస్తుంది. 2019 మేలో స్లొవేకియాలోని కొషీట్సెలో బ్రిటన్ జట్టు ఫ్రాన్స్‌తో ఆడిన రోజు నాకింకా గుర్తు. పాతికేళ్ళ తర్వాత ప్రపంచ పోటీల పై వరసలోకి వచ్చారు, అప్పటిదాకా అన్నీ ఓడారు. ఆ మ్యాచ్ ఓడితే కిందికి పోతారు. మూడు గోల్స్ వెనకబడ్డారు. మూడూ తిరిగి వేసి, ఓవర్‌టైమ్‌లో బెన్ డేవిస్ నాలుగోది కొట్టాడు. మా క్లబ్ పిల్లలు పదిమంది మా ఇంట్లోనే చూశారు, మీ అత్తయ్య పెసరట్లు వేస్తూనే ఉంది. ఆ గోల్ పడ్డాక వాళ్ళు చేసిన గోలకి పక్కింటావిడ ఏమైందోనని తలుపు కొట్టింది. ఆ తర్వాత జట్టు కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది, కానీ పై వరస అందనంత దూరమేమీ కాదని పిల్లలకి తెలిసింది.

ఫుట్‌బాల్‌తో ఎలా బతకాలో ఇప్పుడు చెబుతాను. చిన్నపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మీ ఊళ్ళో ఏ పూట జరుగుతాయో కనుక్కుని ఆ పూట ప్రాక్టీస్ పెట్టకు. రెండూ ఆడనివ్వు. పదేళ్ళ వయసులో ఏదో ఒకటి తేల్చుకోమంటే వాడి స్నేహితులున్న వైపే వెళ్తాడు. ప్రొఫెషనల్ క్లబ్బుల అకాడమీలు తొమ్మిదేళ్ళ లోపు జట్ల నుంచే పిల్లల్ని ఏరుకుంటాయి, తర్వాత ఏటా కొందరిని పంపించేస్తాయి. చురుకైన పిల్లలు, మనసు విరిగి ఉంటారు. అప్పటికే స్కేటింగ్ వచ్చి ఉంటే మన దగ్గర నిలబడతారు, రాకపోతే ఆ వయసులో మొదలుపెట్టడం కష్టం. అందుకే చిన్నప్పుడు నెలకి రెండుసార్లు వచ్చినా సరే, రానివ్వు. మా అండర్-16 జట్టులో మంచి డిఫెండర్ ఒకడు అలా మిగిలినవాడే.

స్కూళ్ళకి ఐస్ తీసుకెళ్ళలేవు. కానీ జిమ్ హాల్లో ప్లాస్టిక్ కర్రలు, తేలికపాటి బంతితో ఫ్లోర్‌బాల్ ఆడించవచ్చు. ఇరవై కర్రలుంటే ఒక క్లాసు ఆడుతుంది. చివర్లో రింక్‌కి ఒక ఉచిత టికెట్ చేతిలో పెట్టు, తేదీ వేసి. తేదీ వెయ్యకపోతే అది ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది.

ఇంట్లోవాళ్ళ భయం ఖర్చు గురించే. స్కేట్లు, హెల్మెట్, గ్లోవ్స్, ప్యాడ్లు, కర్ర అన్నీ కొత్తవి కొంటే జేబు ఖాళీ, పైగా పిల్లల కాళ్ళు ఆరు నెలలకోసారి పెరుగుతాయి. క్లబ్ దగ్గర అద్దె సామాను గది ఒకటి ఉండి తీరాలి. చిన్నదైపోయిన స్కేట్లు అక్కడ ఇచ్చి పెద్దవి తీసుకెళ్ళాలి. గోలీ సామాను మాత్రం క్లబ్బే కొనాలి, ఎందుకంటే ఆ ధర విని ఏ తల్లిదండ్రులూ పిల్లవాణ్ణి గోల్లో నిలబెట్టరు. మన తెలుగు కుటుంబాలు కూడా వస్తాయి, రారనుకోకు. వేసవిలో చెక్కపొట్టులో కప్పి బండి మీద తెచ్చే ఐసుగడ్డ తప్ప ఇంకో ఐస్ ఎరగని ఊళ్ళ నుంచి వచ్చాం కదా, పిల్లవాడు పడితే ఏమవుతుందోనని వాళ్ళకి టెన్షన్. బ్యాలెన్స్ కోసం పట్టుకునే పెంగ్విన్ బొమ్మతో వాళ్ళ చేతే రెండు రౌండ్లు వేయించు. సగం భయం అక్కడే పోతుంది.

భయంలో మిగతా సగం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకు. 2023 అక్టోబర్ 28న ఇక్కడే షెఫీల్డ్‌లో మ్యాచ్ మధ్యలో నాటింగ్‌హామ్ పాంథర్స్ ఆటగాడు ఆడమ్ జాన్సన్‌కి మెడ మీద స్కేట్ బ్లేడ్ తగిలింది. ఇరవైతొమ్మిదేళ్ళవాడు, బతకలేదు. ఆ వారం మా పిల్లలు లాకర్ రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. 2024 జనవరి నుంచి ఎలీట్ లీగ్‌లో మెడకి కట్టుకునే నెక్ గార్డ్ తప్పనిసరి చేశారు. మీ దగ్గర మూడేళ్ళ పిల్ల అయినా, నలభైఏళ్ళ కోచ్ అయినా, నెక్ గార్డ్ లేకుండా మంచు మీదికి రాకూడదు. ఇంట్లో మర్చిపోయి వస్తే ఇవ్వడానికి తలుపు దగ్గర ఒక డబ్బాలో ఐదారు పెట్టు. ఇచ్చి పంపించు, తిట్టి పంపించకు.

ఇంకో మాట, ఫుట్‌బాల్ వాళ్ళ దగ్గర లేనిది మన దగ్గర ఒకటుంది. ఏప్రిల్‌లో ఎలీట్ లీగ్ సీజన్ చివర జరిగే ప్లేఆఫ్ ఫైనల్స్‌కి నాటింగ్‌హామ్ వెళ్ళు. పది జట్ల జెర్సీలూ పక్కపక్కన కూర్చుంటాయి, పోలీసు గోడ ఉండదు. బెల్‌ఫాస్ట్ జెయింట్స్ 2000లో మొదలైనప్పుడు కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాలుగా చీలిన ఆ ఊళ్ళో ఏ వర్గానికీ చెందని రంగులు చూసి ఎంచుకున్నారు, ఏ వీధి నుంచైనా మ్యాచ్‌కి రావచ్చని. చిన్నపిల్లలతో వచ్చే కుటుంబానికి అది ఎంత ధైర్యమో నీకు తెలుసు. మీ పోస్టర్ మీద గోల్ కొట్టే వీరుడి బదులు స్టాండ్‌లో కూర్చున్న ఒక అమ్మమ్మ, మనవరాలి ఫొటో వెయ్యి. మనవరాలు అన్నది ఊరికే అనలేదు. ఆడపిల్లలకి వేరే సెషన్ ఒకటి పెట్టి చూడు, మా దగ్గర క్లబ్ వేగంగా పెరిగింది అక్కడే.

మా గ్యారేజీలో పిల్లల స్కేట్లు పద్నాలుగు జతలు, గోలీ ప్యాడ్లు ఒక సెట్ ఉన్నాయి. ప్యాడ్ల పట్టీలు మార్చాను. స్కేట్లలో చిన్నపిల్లల పదకొండు నుంచి పెద్దల మూడు సైజు దాకా ఉన్నాయి, బ్లేడ్లు మాత్రం పదును పెట్టించుకోవాలి. వచ్చే శనివారం మధ్యాహ్నంలోపు కారు తీసుకురా, వెనక సీట్లు మడిచి రా. ఆ టైమ్‌టేబుల్ ప్రింట్ కూడా తెచ్చుకో, భోజనాలయ్యాక కలిసి రంగులు వేద్దాం.

నీ మావయ్య
షెఫీల్డ్